ఖాళీ ఒర చెప్పు కథ

శ్రీశైలమునకు పోవు త్రోవలో, నల్లమల ఘాటు ఎక్కుటకు ముందు తగులు పెద్దదోర్నాల మా ఊరు. మా యింటి అటుకమీద ఒక రేకుపెట్టె ఉండెడిది. దానిలో మా చిన్నతాతగారి నడికట్టును, రివాల్వరు పెట్టుకొను తోలు ఒరయు ఉండెను. రివాల్వరు మాత్రము లేదు. ఆయన రెండవ ప్రపంచయుద్ధమున జమేదారుగా పనిచేసి 1946లో ఇల్లు చేరినవారు. “తుపాకి సర్కారుది, అప్పగించితిని; ఒర మాత్రము నాతో వచ్చినది” అని చెప్పెడివారు.

ఆయన గతించిన పిమ్మట ఒక దసరాకు, ఆయుధపూజలో ఉంచవలెనని నేను ఆ ఒరను నువ్వులనూనెతో రుద్దితిని. తోలు నిగనిగలాడెను, కాని దాని వెనుక సిరాతో వ్రాసియున్న అంకెలును, పటాలము పేరును చెరిగిపోయెను. ఆయన ఏ పటాలమున ఉండిరో తెలుపు కాగితము మా యింట మరియొకటి లేదు. భక్తితో చేసిన పనియే వారి గురుతును తుడిచివేసెను. ఆ బాధయే నన్ను ఈ సేకరణకు పురికొల్పినది. నేడు నాయొద్ద పదునాలుగు ఒరలును, కొన్ని నడికట్లును కలవు. రివాల్వరు ఒక్కటియు లేదు.

ఖాళీ ఒర ఏమి చెప్పునని అడుగుదురేమో. చాల చెప్పును. బ్రిటిషు సైన్యము 1887లో వెబ్లీ రివాల్వరును స్వీకరించెను. దానిలో ఆరు తూటాలు పట్టును. మధ్యన మడచి తెరచినచో ఖాళీ తూటాలన్నియు ఒక్కసారిగ బయటపడును. 1915లో వచ్చిన దాని ఆరవ రకము కిలోకు కొంచెము ఎక్కువ తూగును. ఆ బరువు మోయుటకు దళసరి తోలు కావలసెను. తరువాత, 1932 ప్రాంతమున, ఎన్‌ఫీల్డు అను తేలికయైన రివాల్వరు వచ్చెను. 1937 నమూనా సామగ్రిలో ఒరను గట్టి నూలుపట్టీతో నేయించిరి. కావున తోలా, నూలా అని చూచినచో కాలము కొంతవరకు తెలియును. సర్కారు సొత్తుపై బాణపు ములికి గుర్తు వేసెడివారు. మన దేశమున చేసినవానిపై దానితోకూడ ‘ఐ’ అను ఆంగ్లాక్షరము కనబడును.

భుజముమీదుగా పట్టీ గల నడికట్టును సామ్ బ్రౌన్ బెల్టు అందురు. మన దేశపు అశ్వదళమున కొలువు చేసిన ఆ దొర 1858లో యుద్ధమున ఎడమచేయి పోగొట్టుకొనెను. ఒంటిచేతివానికి వీలుగా కల్పించుకొన్న ఆ కట్టు పెక్కు దేశముల సైన్యములకు ప్రాకెను.

ఇట్టివి మీ యింట నున్నచో నా తప్పు మీరు చేయకుడు. తుడుచుటకు ముందే దానిపైనున్న అక్షరములను కాగితముపై ఎత్తి వ్రాసికొనుడు. నూనె పూయకుడు. పొడిగుడ్డతో దుమ్ము దులిపి, లోపల కాగితపు ఉండలు కుక్కి, నూలుగుడ్డలో చుట్టి, గాలి తగులుచోట ఉంచుడు. ఇత్తడి గుండీ చుట్టు పచ్చని చిలుము పట్టినచో వెదురుపుల్లతో మెల్లగా తీయుడు.

ఇక పెట్టెలో తుపాకియే దొరకినచో ఏమి చేయవలెను? మీట నొక్కి చూడరాదు. తూటా లోపలనే ఉండవచ్చును. పిల్లలను దరికి రానీయరాదు. తాతగారి లైసెన్సు మనుమనికి దానంతట అది సంక్రమింపదు. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము, లైసెన్సు గడువు తీరినను, మరే కారణముచేతనైనను ఉంచుకొను హక్కు పోయినను, ఆయుధమును జాగు చేయక సమీపపు పోలీసు స్టేషనులో గాని లైసెన్సు గల వర్తకునియొద్ద గాని అప్పగింపవలెను. 2019లో జరిగిన సవరణ తరువాత, తాతలనాటిదైనను సరే, లైసెన్సుతో ఒకరు ఉంచుకొనదగినవి రెండే. దాచిపెట్టి భయపడుటకన్న అప్పగించి నిశ్చింతగా నిద్రించుట మేలు.

హైదరాబాదులోని సాలార్‌జంగు ప్రదర్శనశాలకు పోయినచో ప్రభువుల కత్తులను కన్నులార చూడవచ్చును. మన పల్లెల సిపాయిల సామగ్రి మాత్రము మన అటుకలమీదనే పడియున్నది. అది ఎవరిదో ఎరిగిన పెద్దలు మీరే. ఈ రాత్రియే ఒక చీటిపై ఆయన పేరు, ఊరు, పటాలము, తిరిగివచ్చిన సంవత్సరము వ్రాసి ఆ ఒరకు దారముతో కట్టుడు. మా చిన్నతాతగారి ఒరకు కట్టిన చీటిలో పటాలము పేరు వ్రాయవలసిన చోటు ఇప్పటికిని ఖాళీగనే ఉన్నది.