మోకాలి మార్పిడి: రోబో అన్నప్పుడు మనం అడగవలసినవి

(తెనాలి, బాపట్ల, రేపల్లె సభలలో చేసిన ప్రసంగ పాఠం)



మన మసీదులలో వెనుక వరుసన కుర్చీలు పెరుగుతున్నవి. ఇంట్లో నమాజు చేసుకునే తల్లుల కుర్చీలు ఎవరి లెక్కలోనూ లేవు. కీలు పూర్తిగా అరిగి, మందులకూ వ్యాయామానికీ నొప్పి లొంగనప్పుడు మోకాలి మార్పిడి మంచి చికిత్సే. 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ ప్రకారం పూర్తిగా మార్చిన మోకాళ్లలో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తున్నవి. అవి రోబోల కాలానికి ముందు అమర్చినవి. కనుక రోబో లేనిదే ఆపరేషన్ పనికిరాదన్న మాటకు భయపడి పొలమో నగలో అమ్ముకోవద్దని మేము కోరుతున్నాము.

నావిగేషన్ పద్ధతిలో ఎముకకు అమర్చిన గుర్తులను కెమెరా గమనించి, కోత ఏ కోణంలో పడుతున్నదో తెరపై చూపుతుంది. మాకో వంటి రోబోలో ముందుగా సీటీ స్కాన్‌తో పథకం వేస్తారు. రంపం పట్టిన యంత్రపు చేయి హద్దు దాటనివ్వదు. ఆ చేతిని నడిపేది మాత్రం సర్జనే. కోతలో కచ్చితత్వం పెరుగుతుందన్నది నిజం. అయితే కనీసం 10 ఏళ్ల పాటు రోగులను గమనించి 2020లో ప్రకటించిన కొరియా అధ్యయనంలో నొప్పిలోగాని, కదలికలోగాని, కీలు మన్నికలోగాని రోబోకు ఆధిక్యం కనబడలేదు. అందులో వాడినది పాత తరం యంత్రమని కూడా చెప్పడం న్యాయం.

మన ఇళ్లలో అసలు ప్రశ్న వేరు. మళ్లీ నేలపై కాళ్లు మడిచి కూర్చోగలమా? అందుకు మోకాలు దాదాపు 150 డిగ్రీలు వంగాలి. మార్పిడి తరువాత చాలామందికి 110, 120 వరకే వంగుతుంది. రోబో వాడినంత మాత్రాన ఇది మారదు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే సర్జన్ నోట వినాలి. కూర్చొని నమాజు చేసే వెసులుబాటు వ్యాధిగ్రస్తులకు ఎలాగూ ఉన్నదే.

ఇక ధర. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ కోబాల్ట్ క్రోమియం కీలుకు 54,720, హైఫ్లెక్స్ కీలుకు 56,490 రూపాయల గరిష్ఠ ధర విధించింది, జీఎస్టీ అదనం. ఈ కట్టడి కీలుకే గాని రోబో రుసుముకు, స్కాన్‌కు, గదికి వర్తించదు. భారం పెరిగేది అక్కడే. కీలు కంపెనీ పేరు, బ్యాచ్ సంఖ్య, ధర విడిగా చూపిన బిల్లు అడగండి. వివరమైన బిల్లు, రెండో వైద్యుని అభిప్రాయం రోగి హక్కులని జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన పత్రం చెబుతున్నది. ఆ రెండో అభిప్రాయానికి గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ మనకు దూరం కాదు.

రోబోకు ఇవ్వదలచిన అదనపు సొమ్ములో కొంత ఫిజియోథెరపీకి దాచుకోండి. రేపల్లె నుంచి వారానికి రెండు మూడు సార్లు గుంటూరు వెళ్లడం కొత్త కీలుతో కష్టం. ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే ఊళ్లోనో, తెనాలిలోనో, బాపట్లలోనో వ్యాయామం చేయించేవారిని మాట్లాడుకోండి.