ఆటయు, కంది సాలును



అనంతపురము జిల్లా మెట్టపొలముల నడుమ పుట్టి, యౌవనమున కొన్నియేండ్లు పరుగుపందెములలో పాల్గొనినవాడను నేను. ఆట, ఇల్లు, ధనము అను మూటికిని గల సంబంధమునుగూర్చి నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేయుదును.

మా సీమలో ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును; ఈశాన్యపు వానలకు మేము సముద్రమునుండి దూరస్థులము. ఎర్రనేలలో శెనక్కాయ విత్తి ఆకాశమువంక చూచుటయే మా సేద్యము.

నేను పందెమున గెలిచి ఒక స్టీలు చెంబు బహుమానముగా తెచ్చిన దినమున మా నాయన దానిని త్రిప్పి త్రిప్పి చూచి, “బాగుంది. పరిగెత్తితే కడుపు నిండుతాదా అబ్బీ?” అని యడిగెను. అందు ఎకసక్కెము లేదు. ఆ యేడు ఊడలు దిగు వేళ వాన తప్పినది. విత్తనమునకు చేసిన అప్పు ఇంటిలో కూర్చుండియున్నది. నేను బదులు చెప్పలేకపోతిని. బూట్లకని దాచుకొనిన పైకము ఆయన చేతిలో పెట్టి, పరుగు మానితిని.

పరుగు మానినపిమ్మట నా చేతిలో మరేమియు మిగులలేదు. ఆటపై మోజుతో చదువును అంతకుముందే విడిచితిని. నా పొరపాటు పరుగెత్తుటలో లేదు. పరుగొక్కటే నమ్ముకొనుటలో కలదు. మా నాయన శెనక్కాయను ఎన్నడును ఒంటిగా వేయలేదు. కొన్ని సాళ్ల కొక కంది సాలు వేసెడివాడు. వాన తప్పి కాయ ఎండినను, లోతుగా వేరు పారిన కంది కొంత నిలుచును. చేనిలో ఆయన పాటించిన ధర్మమును నా బ్రతుకులో నేను పాటింపనైతిని.

నేటి పిల్లలు నాకంటె అదృష్టవంతులు. 1969లో అనంతపురము చేరిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పట్టణమున క్రీడాగ్రామమును నెలకొల్పినది. స్పెయిను దేశపు టెన్నిసు వీరుడు రఫేల్ నాదల్ పేర 2010లో అచ్చట వెలసిన పాఠశాలలో పేదపిల్లలకు టెన్నిసుతోపాటు ఆంగ్లము, కంప్యూటరు విద్య నేర్పుదురు. నా కన్నులకు అదియే కంది సాలు.

నార్పల మండలములోని బండ్లపల్లెను తలపుడు. కరవు సీమల కూలివారికి పని చూపు ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న మొదలైనది ఆ యూరనే. ఆ యూరి రైతుబిడ్డ బారెడ్డి అనూష ఆ క్రీడాగ్రామముననే క్రికెట్టు నేర్చి, 2023 జూలై 9న ఢాకాలో భారత జట్టు తరఫున తొలిసారి ఆడినది. ఆ సెప్టెంబరున హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన జట్టులోను ఆమె కలదు.

అయితే బంతి పట్టిన పిల్లలందరును ఢాకా చేరరు. చేరనివారి గతి యేమని తలిదండ్రులును గురువులును ముందే యోచింపవలెను. బిడ్డ ఆటను ఇంటి అప్పు తీర్చు సాధనముగా చూచితిమేని, ఆ లేత భుజములపై మన కరవంతయు మోపినవారమగుదుము.

ఇప్పుడు నా కూతురు తెల్లవారకముందే లేచి పరుగు సాధనకు పోవుచున్నది. ముదుసలియైన మా నాయన అరుగుపై కూర్చుండి ఆమె నడుగును. నన్నడిగిన ప్రశ్న కాదు. “పుస్తకాలు పెట్టుకుంటివా పాపా?” అని.