కలము వయస్సు

పార్కరు 51 అను అమెరికా కలము 1941లో వెలువడినది. పైరూపమును మాత్రమే చూచి దాని వయస్సు చెప్పరాదు. ఆ తప్పు నేనే చేసితిని.

నా పూర్వశిష్యుడొకడు అట్టి కలమును తెచ్చి, “ఇది మా తాతగారిది కదా, పంతులుగారూ?” అని యడిగెను. ఆయన 1945లో గతించిరి. నేను పైపైన చూచి ఔనంటిని. శిష్యుడు దానిని దేవుని పీఠముకడ నుంచెను.

పిమ్మట శుభ్రపఱచుటకై దానిని నాకిచ్చెను. తొలినాటి కలములకు వెనుక చిన్నమూత యుండును. అది విప్పినచో సిరా నెక్కించు మీట కనబడును. పెక్కింటి దండముపై సంవత్సరపు చివరి అంకె యుండును: 5 అనగా 1945. 1948లో వచ్చిన క్రొత్తరకమునకు ఆ మూత లేదు. దండము విప్పినచో లోహపు తొడుగును, నొక్కుడుపట్టీయు నుండును. ఇది క్రొత్తరకము!

రెండుదినములు నాకు నోరు రాలేదు. మూడవనాడు నిజము చెప్పితిని. అతడు కొంతసే పూరకుండి, “తాతగారి పిదప ఇంటిలెక్కలు వ్రాసినది మా నాయనమ్మ. ఆమెదే కాబోలు” అని, కలమును మరల పీఠముకడనే యుంచెను.

పెద్దలారా, విప్పి చూచిన పిదపనే సాక్ష్యము పలుకుదము. సెలవు.