చెరువు కట్టకు ఇనుప గోడా?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మాట మనవి చేసుకుంటాను. నేను ఇంజనీరును కాను. ముప్పై ఐదేళ్ళ సర్వీసులో ఎక్కువ కాలం ఇంజనీరింగు ఆఫీసుల్లో గుమాస్తాగా ఎస్టిమేట్లు కాపీ చేసి, కూడికలు సరిచూసి, బిల్లులు పాస్ చేయించినవాణ్ణి. ఒక గోడ ఎందుకు నిలబడుతుందో నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఎందుకు పడిపోతుందో మాత్రం ఒకసారి దగ్గర నుంచి చూశాను. ఆ సంగతి కూడా చెబుతాను.

పోయిన సమావేశంలో మన మిత్రులొకరు లేచి ఒక ప్రశ్న వేశారు. వారు అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చారు. అక్కడ ఒక సరస్సు ఒడ్డున మట్టి జారకుండా పొడుగాటి ఇనుప రేకులు నేలలోకి దింపి గోడ కట్టారట. "మన బుక్కపట్నం చెరువు కట్టకు కూడా అట్లా వేయించమని సంఘం తరఫున ఎందుకు అర్జీ పెట్టకూడదు?" అన్నారు. కొందరు నవ్వారు. నవ్వవలసిన ప్రశ్న కాదది. నీళ్ళకు అడ్డం నిలబడేది ఏది అనే ప్రశ్న మన ఊరి పేరులోనే ఉంది. "ఇరిగేషను ఆఫీసులో కూర్చున్నవాడివి, నువ్వే చెప్పప్పా" అని అధ్యక్షులు నా మీద పెట్టారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ రేకుల సంగతి. వాటిని షీట్ పైల్స్ అంటారు. మనం ఇంటి మీద వేసే రేకుకు ముడతలున్నట్టే వీటికీ వంపు ఉంటుంది, కానీ మందం చాలా ఎక్కువ. ఒక్కొక్క రేకు అంచున కొక్కెం లాంటి గాడి ఉంటుంది. ఒక రేకును నేలలోకి దింపి, రెండో రేకు అంచును మొదటి దాని గాడిలో జారవిడిచి దింపుతారు. అట్లా వరుసగా దింపుకుంటూ పోతే గోడ తయారవుతుంది. పునాది తవ్వే పని లేదు, నీళ్ళు తోడే పని లేదు. నీళ్ళలో నిలబడే పనిచేయవచ్చు. జర్మనీలోని బ్రేమెన్ నగరంలో ప్రభుత్వ ఇంజనీరుగా ఉన్న ట్రిగ్వే లార్సెన్ అనే ఆయన 1902లో ఈ వంపు రేకును తయారుచేశాడు. ఆయన పేరుతోనే ఆ రకం రేకులు నేటికీ అమ్ముడుపోతున్నాయి. మనలాగే గవర్నమెంటు ఉద్యోగి అన్నమాట! ఓడరేవుల్లో, నదుల ఒడ్డున, వంతెనల పునాదులు తవ్వేటప్పుడు ప్రపంచమంతా వీటిని వాడుతున్నారు.

ఈ గోడ బలమంతా కనపడని భాగంలో ఉంటుంది. వెనకాల ఏ కట్టూ లేకుండా ఒంటరిగా నిలబడే రేకుల గోడకు, పైన కనపడే ఎత్తుకన్నా నేలలో ఉన్న లోతు ఎక్కువగా ఉండాలి. మన్ను మెత్తనైతే దాదాపు రెండింతలు కావాలి. ఎత్తు పెరిగితే వెనుక మట్టిలో ఒక దిమ్మ పాతి, ఇనుప కడ్డీతో గోడను దానికి బిగిస్తారు. గుడారానికి మేకులు కొట్టి తాళ్ళు కట్టినట్టు.

లోతు తగ్గిస్తే ఏమవుతుందో అమెరికాలోనే చూశారు. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను వచ్చినప్పుడు న్యూ ఆర్లీన్స్ నగరంలో కాలువ గట్ల మీద కట్టిన గోడలు విరిగి ఊరిలోకి నీళ్ళు వచ్చాయి. 17వ వీధి కాలువ గోడ మీద నుంచి నీళ్ళు పొర్లనే లేదు. పొర్లకముందే గోడ పక్కకు జరిగిపోయింది. కింద మెత్తటి బంక మన్ను, అందులోకి దింపిన ఇనుప రేకుల లోతు చాలలేదు. లోతు ఎంత కావాలో లెక్కగట్టడంలోనే తప్పు జరిగిందని తరువాత విచారణల్లో తేలింది. లోతు తగ్గితే ఖర్చు తగ్గుతుంది కదా. ఈ సంగతి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. కారణం చెబుతాను.

నేను అప్పటికి యూడీసీని. ఏ ఆఫీసో, ఏ ఊరో అడగవద్దు. వాలు నేల మీద ఒక గవర్నమెంటు కట్టడం. దాని వెనుక మిట్ట మన్ను జారకుండా పది అడుగుల ఎత్తున రాతి గోడ కట్టాలి. ఎస్టిమేటు పై నుంచి తిరిగి వచ్చింది, మొత్తం తగ్గించి పంపమని. ఏవి తగ్గించవచ్చో నోటు పెట్టే పని నాది. గోడ వెనుక కంకర పొర, గోడలో నీరు కారే చిల్లులకు పైపులు అని రెండు అంశాలు ఉండినాయి. వీప్ హోల్స్ అంటారు వాటిని. 'ఈ కరువు ప్రాంతంలో వీటి అవసరం అంతగా కనపడదు' అని నేనే రాశాను. వాక్యం బాగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా. పైవారు సంతకం చేశారు. ఓవర్సీరు మాత్రం, "ఏమప్పా, గోడకు ముక్కు మూసినావే" అని ఒక మాట అని వెళ్ళిపోయినాడు. నాకు అర్థం కాలేదు.

మూడేళ్ళు వానల్లేవు. గోడ నిక్షేపంగా ఉంది. నాలుగో ఏడు ఒక రాత్రి కుండపోత కురిసింది. తెల్లారి చూస్తే గోడ ముప్పై అడుగుల మేర బోర్లా పడి ఉంది. దాని పక్కన కొట్టంలో వాచ్‌మన్ ఉండేవాడు. దూడ చచ్చిపోయింది, ఆయన కాలు విరిగింది. కాలు అతికింది కానీ ఆయన కుంటుతూనే రిటైరైనాడు. నన్ను చూసినప్పుడల్లా చేతులెత్తి "బాగున్నారా సార్" అనేవాడు. ఆ నోటు నేను రాసినానని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. ఈ రోజే, ఇంతమందిలో, మొదటిసారి చెబుతున్నాను.

తరువాత ఒక ఇంజనీరుగారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. అప్పటి నుంచి ఆ లెక్క మరువలేదు. పది అడుగుల గోడ, అంటే సుమారు మూడు మీటర్లు. వెనుక మన్ను పొడిగా ఉంటే గోడ పొడవులో ఒక్కొక్క మీటరు మీద పడే తోపుడు సుమారు రెండు టన్నుల ఏడు వందల కిలోలు. అదే మన్నులో నీళ్ళు నిండి, బయటికి దారి లేకపోతే, నీటి తోపుడే నాలుగున్నర టన్నులు. దానికి నానిన మన్ను తోపుడు మరో టన్నున్నర. మొత్తం ఆరు టన్నులు. అంటే రెండింతలకు పైన. గోడను పడదోసింది మన్ను కాదు, నేను కొట్టివేసిన చిల్లుల్లోంచి పోవలసిన నీళ్ళు. మనలో చాలామంది రిటైర్మెంటు డబ్బులతో ఇళ్ళు కట్టుకున్నాము. మిట్టకు ఆనుకొని కాంపౌండు గోడ కట్టుకున్నవారు ఇంటికి పోయి ఒకసారి చూసుకోండి. చిల్లులున్నాయా, ఉంటే మట్టితోనో, కొత్త గచ్చుతోనో పూడిపోయాయా అని.

సరే, మన రాష్ట్రంలో సంగతులు చూద్దాం. సముద్రానికి అడ్డం వేయడంలో విశాఖపట్నం వాళ్ళది తమాషా కథ. 1933లో ప్రారంభమైన ఆ ఓడరేవును కట్టేటప్పుడు రెండు పాత ఓడలలో రాళ్ళు నింపి ముంచి అలలకు అడ్డుకట్ట చేశారు. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఒడ్డు కోసుకుపోతుంటే రాళ్ళు పోశారు, ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు పరిచారు. సముద్రం వాటినీ దెబ్బతీసింది, ఇళ్ళూ రోడ్డూ పోతూనే ఉన్నాయి. ఇనుము వేస్తే? ఉప్పునీరు ఇనుమును తింటుంది. అందులోనూ ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండే చోటుకన్నా, అల వచ్చి తడిపి, మళ్ళీ గాలి తగిలే చోట ఎక్కువగా తింటుంది. పైగా నిలువు గోడకు కొట్టిన అల వెనక్కి తిరిగేటప్పుడు గోడ పాదం దగ్గర ఇసుకను తవ్వుకుపోతుంది.

పోలవరంలో గోదావరి అడుగున ఇసుక పదుల మీటర్ల లోతు ఉంది. అక్కడ డ్యాము కింద నుంచి నీరు ఊరకుండా డయాఫ్రం వాల్ అని నేలలోనే గోడ పోశారు. వరదల్లో అది దెబ్బతింటే 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలుపెట్టారు. భూమి లోపలి గోడ కూడా వరదకు దెబ్బతింటుందని మనకు అప్పుడే తెలిసింది. విజయవాడలో 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల 43 వేల క్యూసెక్కులతో వచ్చింది. నది ఒడ్డున కట్టిన కాంక్రీటు రిటైనింగ్ వాల్ కృష్ణలంకను కాపాడింది. అదే వారం అదే ఊరిలో బుడమేరు కట్టకు గండ్లు పడి వేలాది ఇళ్ళు మునిగాయి. ఒకే ఊరు, ఒక వైపు గోడ నిలిచింది, ఇంకో వైపు మట్టికట్ట తెగింది.

ఇక మన సంగతి. మనది గట్టి నేల. చాలాచోట్ల కొద్ది అడుగుల కిందనే బండ తగులుతుంది, లేకపోతే గుండ్లు. ఇనుప రేకు ఇసుకలో దిగుతుంది, మెత్తటి మన్నులో దిగుతుంది. గుండు తగిలితే వంగిపోతుంది, గాడి ఊడుతుంది. బండ మీద అసలు దిగదు. లోతు లేని రేకు ఏమవుతుందో న్యూ ఆర్లీన్స్ చెప్పింది. ఒకవేళ దించగలిగినా, నీళ్ళతో నిండిన పాత మట్టికట్ట మీద అదిరే యంత్రాన్ని నిలబెట్టడం నాకైతే భయమే. కాబట్టి మిత్రులు చూసివచ్చిన గోడ అక్కడికి మంచిదే. ఇక్కడికి రాదు.

మన చెరువు కట్ట నిలబడేది సన్నగా కాదు, లావుగా. అడుగున వెడల్పు, పైకి పోనుపోను సన్నం. నీటి వైపు అల కొట్టే చోట రాతి పరుపు. అది వాలుగా ఉంటుంది గనుక అల దాని మీద పాకి, రాళ్ళ సందుల్లో చచ్చిపోతుంది. మన పెద్దలకు ఈ లెక్క తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించిన చెరువు గురించి. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని అందులో రాశారు. గట్టి నేల, కొండల నడుమ రాతికట్ట, దగ్గరలో నిడుపాటి రాళ్ళు దొరికే గని, పని తెలిసిన మనుషులు వాటిలో ఉన్నాయి. దోషాలు ఆరు చెప్పి, అందులో కట్టలోంచి నీరు ఊరడాన్ని కూడా చేర్చారు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళకు నూరు బండ్లు, రెండేళ్ళ పని. మా ఆఫీసు ఎస్టిమేటుకన్నా వివరంగా ఉంది!

మన బుక్కపట్నమూ ఆ బుక్కరాయల పేరు మోసే ఊరే. నంది కొండల్లో పుట్టిన చిత్రావతి మన చెరువును, ధర్మవరం చెరువును నింపి పెన్నలో కలుస్తుంది. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం కట్ట తెగబోతే ముసలమ్మ గండిలోకి నడిచిపోయిన కథ మీకందరికీ తెలిసిందే. కట్టమంచి రామలింగారెడ్డిగారు దాన్ని కావ్యంగా రాశారు. మా అవ్వ ఆ కథ చెప్పి కన్నీళ్ళు పెట్టుకునేది. నాకు మాత్రం చిన్నప్పటి నుంచి ఒకటే అనుమానం. ఆ మరవ ఎవరూ చూడలేదా? తూము ఎవరూ చూడలేదా? ఆ పిల్ల ప్రాణం పోయేదాకా ఊరు ఏం చేస్తుండినది?

ఒకప్పుడు చూసేవాళ్ళు ఉండినారు. మన వైపు దశబంధం ఇనాములని ఉండేవి. చెరువు బాగు చూసేవారికి భూమి ఇచ్చేవారు. నీరుగంటి ఉండేవాడు. కట్ట మీద మొలిచిన మొక్కను వేరు దిగకముందే పీకేవారు. ఇనాములు పోయాయి, ఆ పని ఎవరిదో చెప్పే కాగితం ఏ ఫైలులో ఉందో నాకు కూడా తెలియదు. నేను ఫైళ్ళలోనే పుట్టి పెరిగినవాణ్ణి.

కట్టకు శత్రువు కంపచెట్టు. అది పచ్చగా ఉన్నంతకాలం వేర్లు మన్ను పట్టుకున్నట్టే ఉంటుంది. కొట్టేసిన తరువాత వేరు కుళ్ళి, కట్టలో గొట్టం లాంటి దారి మిగులుతుంది. ఎలుక బొక్కలు, పందికొక్కు బొక్కలు సరేసరి. పదేళ్ళు ఎండిన కట్టకు బీటలు పడతాయి. తరువాత ఒక్కసారిగా వరద వస్తుంది. 2021 నవంబరు 19న చిత్రావతి అట్లాగే వచ్చింది. వెల్దుర్తి దగ్గర నది మధ్యలో చిక్కుకున్న వాళ్ళను హెలికాప్టరులో ఎత్తుకొని రావలసి వచ్చింది. అదే రోజు చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి కింది ఊళ్ళు పోయాయి. కరువు జిల్లా అని నోటు రాసే గుమాస్తాలు ఈ తేదీ గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి అర్జీ పెడదాం. ఇనుప గోడ కోసం కాదు. కట్ట మీది కంపచెట్లు వేళ్ళతో సహా తీసి ఆ గుంతల్లో మన్ను దట్టించమని, జారిన రాతి పరుపు సరిచేయమని, మరవ కింద కాలువకు అడ్డంగా ఉన్నవి తొలగించమని, కట్ట వెనుక పాదంలో ఊట ఉంటే దాని నీళ్ళు తేటగా ఉన్నాయా, మట్టి రంగులో ఉన్నాయా అని వానాకాలంలో వారానికి ఒకసారి చూసి రాసి పెట్టమని. తేట నీళ్ళకు భయం తక్కువ. బురద నీళ్ళు వస్తే లోపల కట్ట కరుగుతున్నట్టు, ఆ రోజే చెప్పాలి. ఆ రిజిస్టరు రాసే పని నాకు అప్పగించండి, కాళ్ళు ఆడినంతకాలం రాస్తాను.

అర్జీ కాపీ రాసి తెచ్చాను. సంతకాలకు వెనుక బల్ల మీద పెట్టాను. వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు మరవ దగ్గర కలుద్దాం. నడవగలిగినవాళ్ళు రండి. చేతికర్ర తెచ్చుకోండి, కట్ట మీద ముళ్ళు ఎక్కువ, చెప్పులు గట్టివి వేసుకోండి. మనవళ్ళు సెల్‌ఫోన్లో ఫోటోలు తీస్తారు గనుక వాళ్ళనూ వెంటబెట్టుకొని రండి.