రోమన్లు చేశారు సరే, ఎందుకు చేశారు?

ఈ రోజు ఒక వింత వస్తువు గురించి చెప్తాను. పేరు రోమన్ డోడెకాహెడ్రన్. పేరు నోరు తిరక్కపోయినా పర్లేదు, రూపం ఊహించుకోండి చాలు. లోపల బోలుగా ఉండే లోహపు బంతిలాంటిది. ఐదు అంచులున్న ముఖాలు 12, ఒక్కో ముఖానికి ఒక గుండ్రటి రంధ్రం. మూలల్లో 20 బొడిపెలు. రంధ్రాలన్నీ ఒకే సైజులో ఉండవు.

ఇలాంటివి వందకు పైగా దొరికాయి. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్ వైపే ఎక్కువ. రోమ్ ఉన్న ఇటలీలో మాత్రం దొరకలేదు! ఆ కాలం పుస్తకాల్లో ఎక్కడా వీటి ప్రస్తావన లేదు.

మరి దేనికి వాడారు? కొలతలకు అన్నారు, కొవ్వొత్తి స్టాండ్ అన్నారు. దీంతో చేతి గ్లౌజులు అల్లి వీడియోలు పెట్టినవాళ్లూ ఉన్నారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ రోజూ వాడిన వస్తువైతే అరుగుదల కనిపించాలి కదా? ఇవి పెద్దగా అరగలేదు. కొన్నయితే నాణేల నిధుల్లో దొరికాయి. అంటే ఎవరో వీటిని విలువైనవిగా దాచుకున్నారన్నమాట.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వీటిలో చాలావాటికి ఎక్కడ, ఏ పొరలో, వేటి పక్కన దొరికాయో సరైన రికార్డు లేదు. వస్తువు చేతిలో ఉంది, కథ మట్టిలోనే పోయింది.

అందుకే 2023లో ఇంగ్లండ్‌లోని నార్టన్ డిస్నీ గ్రామంలో దొరికినది అంత ముఖ్యం. సుమారు 8 సెంటీమీటర్లు, 245 గ్రాములు. తవ్వినవాళ్లు స్థానిక వాలంటీర్లే. పెట్టినచోటే, ఒక గోతిలో, రోమన్ కుండపెంకులతో పాటు చెక్కుచెదరకుండా దొరికింది. ఇప్పుడు ఆ పెంకులు, ఆ మట్టి, ఆ గొయ్యి కూడా సాక్ష్యాలే.

ఇది మనకెందుకు అంటారా? మన ఊళ్లలోనూ పొలం దున్నుతుంటేనో, పునాది తీస్తుంటేనో పాత నాణేలు, బొమ్మలు బయటపడుతుంటాయి. అప్పుడు కడగొద్దు, కదపొద్దు. ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి, రెవెన్యూ ఆఫీసులో చెప్పండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉన్న నిధి విలువ 10 రూపాయలు దాటితే చాలు, కలెక్టర్‌కు తెలియజేయాలి.

వస్తువును ఎత్తి జేబులో వేసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. అది దొరికిన చోటును మళ్లీ తెచ్చుకోవడం మాత్రం ఎవరివల్లా కాదు.

ఇంతకీ ఆ 12 ముఖాల బంతి దేనికి వాడి ఉంటారు? మీ ఊహ కామెంట్లో రాయండి, చదువుతాను. ఉంటాను మరి!