కుర్చీ అడుగున పేరు

బోధనులో మా బంధువుల యింటి వరండాలో ఒక కుర్చీ యున్నది. వంపు తిరిగిన కాళ్లు, చేతుల కొనలందు చుట్టలు చుట్టుకొన్న ఆకులు, వీపుపలక నడినెత్తిన ఒక పువ్వు. శక్కర్‌నగరులో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారమునకు వచ్చిన అధికారి యొకరు ఉద్యోగము చాలించి పోవునప్పుడు దీనిని వారికి అమ్మినారట. ఇది ఫ్రెంచి కుర్చీ యనియు, పదునైదవ లూయీ రాజునాటిదనియు ఆ యింట మూడు తరముల నమ్మకము. కర్మాగారము 2015లో ఆగిపోయినది. చెరకు వేసిన పొలములలో ఇప్పుడు వరి యున్నది. పిల్ల పెండ్లి యెదుటికి వచ్చుటచేత, కుర్చీ వెల యెంత పలుకునో కనుగొనుమని మమ్ము కోరిరి. రేడియోలో పనిచేయువారికి సమస్తమును తెలియునని బంధువుల యభిప్రాయము.

తెలియదు గనుక తెలిసికొనవలసి వచ్చినది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములో ఫ్రెంచి సామాను చూచితిమి, పుస్తకములు తిరుగవేసితిమి. పదునైదవ లూయీ 1715 మొదలు 1774 వరకు రాజ్యము చేసెను. ఆనాటి పారిస్‌లో కుర్చీ ఒక్కని చేతి పని కాదు. వడ్రంగి బీచి కొయ్యనో, అక్రోటు కొయ్యనో కోసి, బెజ్జములు తొలిచి చట్రము కూర్చును. శిల్పి దానిపై పూలు, చిప్పలు చెక్కును. బంగారుపూత పనివాడు సుద్దపూత పొరలు పొరలుగా వేసి, పూడిపోయిన చెక్కడమును మరల సన్నని పనిముట్లతో తీర్చి, ఎఱ్ఱమట్టి పూసి, బంగారు రేకు నంటించి, రాతితో మెరుగు పెట్టును. నిర్మల నకాషీలు పొనికి కొయ్యపై సుద్ద పూసి రంగులద్దుట చూచినవారికి ఇది వింత గాదు. కడపట మెత్తలు కుట్టువాడు పట్టు గుడ్డ బిగించును.

ఇందరిలో కుర్చీపై పేరు ఎవరిది? వడ్రంగిది. 1743లో ఏర్పడి 1751లో అమలునకు వచ్చిన శ్రేణి నియమముల ప్రకారము, యజమాని వడ్రంగి తన పేరు గల ఇనుప ముద్రను చట్రము అడుగున కొట్టవలెను. శ్రేణి పెద్దలు పరీక్షించి తమ ముద్ర వేయుదురు. రాజుగారి పనివారికిని, సెయింట్ ఆంట్వాన్ పేటవారికిని ఈ నిర్బంధము లేదు. కావున ముద్ర లేనంతమాత్రమున కుర్చీ నకిలీ కాదు. ముద్ర యున్నంతమాత్రమున అసలుదియు కాదు, ముద్రలను సైతము దొంగిలించిన ఘనులున్నారు. 1791లో శ్రేణులే రద్దయినవి.

ఈ పేర్లలో జార్జ్ జాకబ్ అనునది ప్రసిద్ధము. 1739లో బర్గండీ పల్లెలో పుట్టి, 1765లో యజమాని పట్టము పొంది, రాణి మేరీ ఆంట్వానెత్‌కు కుర్చీలు చేసెను. విప్లవములో రాణి తల పోయినది. చిత్రకారుడు దవీదు స్నేహము వలన జాకబ్ బ్రతికి బయటపడి, 1796లో దుకాణము కుమారుల కప్పగించెను. మంచిదే. కాని మనము ముక్కున వ్రేలు వేసికొని చూచునది ఆ చెక్కడమును గదా! చెక్కినవాని పేరు పెక్కు కుర్చీలపై లేనేలేదు. ఇది మాకు న్యాయముగా తోచలేదు.

నిజామాబాదు నుండి ఒక ముసలి వడ్రంగిని వెంటబెట్టుకొని బోధను పోతిమి. అతడు ఏ లూయీ పేరును వినలేదు. కుర్చీని తలక్రిందులు చేసి, అడుగుబద్దను ఉలితో గోరంత గీచి, వాసన చూచెను.

“ఇది మన టేకు సారూ. ఫ్రాన్సుల టేకు పెరుగుతదా?”

ఇంటివారి ముఖములు వాడినవి. అతడు మాత్రము కుర్చీని వదలలేదు. వీపు మీది పువ్వును వ్రేలితో తడుముచు చాలసేపు కూర్చుండెను. “పని తెలిసినోడు చేసిండు. పోగు ఎదురు తిరిగిన కాడ సుత ఉలి జారలే” అనెను. అప్పుడు మేమును పరికించి చూచితిమి. ఫ్రెంచివారు చిప్పను చెక్కు చోట మనవాడు తామరరేకులు విప్పినాడు. ఎదుట నేదో బొమ్మనో, నమూనా కుర్చీనో పెట్టుకొని, చిప్ప తన కెరుకలేనిదై, ఎరిగిన పువ్వును చెక్కి యుండును. పేరు కొరకు అడుగున వెదకితిమి. లేదు. కాలు బద్దను కలియు చోట మాత్రము ఏ కాలు ఏ మూలదో గురుతునకై పెట్టిన ఉలిగాట్లు కలవు: ఒకటి, రెండు, మూడు, నాలుగు.

కుర్చీ అమ్ముడు పోలేదు. పెండ్లి, వడ్లు అమ్మిన సొమ్ముతోను కొంత అప్పుతోను జరిగినది. అంతకు ముందు, పెండ్లివారు కూర్చుండవలెను గదా యని, వదులైన కాలిని బాగుచేయించిరి. నీ పేరైన అడుగున చెక్కుమని మేము వడ్రంగిని బలవంతపెట్టితిమి. “కాలు బిగిచ్చినందుకు పేరెందుకు సారూ” అని నవ్వి, అరిగిపోయిన మూడు గాట్లను మరల లోతుగా తీర్చి, కాలు దిగగొట్టెను.