ముందు అన్నం, ఆ తర్వాతే మార్కులు



మా వీధిలో ఒక ఇల్లాలు ఉండేవారు. ఇద్దరు బిడ్డల తల్లి. బళ్ళో పిల్లల కష్టం విని ధైర్యం చెప్పే ఉద్యోగం ఆవిడది. కౌన్సిలర్ అంటారు. ఆదివారాలు పేటలో పిల్లలకు ఉచితంగా చదువు చెప్పేవారు. కిందటేడు కన్నుమూశారు.

పదో తరగతి ఫలితాలు వచ్చిననాడు ఆవిడ ఇంట్లో ఉండేవారు కాదు. తప్పిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి, "ముందు అన్నం పెట్టండమ్మా, మార్కుల సంగతి రేపు చూద్దాం" అనేవారు. తన కొడుకు లెక్కల్లో తప్పినప్పుడూ చేసిందదే. బిడ్డ ముద్ద ముట్టకపోయినా, తలుపు వేసుకు కూర్చున్నా ఒంటరిగా వదలొద్దనేవారు. "పక్కింటి అబ్బాయిని చూడు" అన్న మాట అసలే వద్దనేవారు.

తప్పిన పరీక్ష ఆ ఏడే సప్లిమెంటరీలో రాసుకోవచ్చు. పోయిన ప్రాణం తిరిగి రాదు కదా! బిడ్డ బాధ మీ చేయి దాటిందనిపిస్తే 14416కి ఫోను చేయండి. టెలిమానస్ అని 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

ఈసారి ఫలితాలనాడు మనమూ ముందు కంచం పెడదాం. సెలవు.